డిగ్రీ అయ్యాక నర్సింగ్: హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఏ దారి నప్పుతుంది?

బీకామో, బీటెక్కో, మైక్రోబయాలజీలో బీఎస్సీయో చేసి, నాలుగైదేళ్లు ఉద్యోగం కూడా చేశాక "ఇప్పుడు నర్సింగ్‌లోకి వెళ్లొచ్చా?" అని అడిగేవాళ్లు ఈ మధ్య తరచుగా తారసపడుతున్నారు. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తే నెలల తరబడి ఆస్పత్రిలో ఉండి, ఆ పని విలువ దగ్గర్నుంచి చూసినవాళ్లు కొందరు. మెడికల్ కోడింగ్ చేస్తూ రోజంతా జబ్బుల పేర్లు చదువుతూ, రోగి మొహం మాత్రం ఒక్కసారీ చూడనివాళ్లు కొందరు. పెళ్లయి అమెరికా వెళ్లి, ఇక్కడ చదివిన చదువు అక్కడ పనికిరాక ఇంట్లో కూర్చున్నవాళ్లు ఇంకొందరు.

వీళ్లందరికీ ఎక్కడో ఒకచోట ఒకే మాట వినిపిస్తుంది: "రెండేళ్ల మాస్టర్స్ చేస్తే చాలు, నర్స్ అయిపోవచ్చు." ఈ మాట కొన్ని దేశాల్లో, కొందరి విషయంలో నిజమే. మన దేశంలో మాత్రం నిజం కాదు. మిగతావాళ్ల విషయంలో ఇది లక్షల అప్పులోకి దింపే మాట. అందుకే దారులన్నీ ఒకచోట పెట్టి, ఏది ఎవరికి పనికొస్తుందో నాకు తోచినంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక అపోహ తీరాలి

మన దగ్గర ఎమ్మెస్సీ నర్సింగ్ అనే రెండేళ్ల కోర్సు ఉంది. బీజెడ్‌సీ చేసినవాళ్లు చాలామంది "నాదీ బీఎస్సీయే కదా, నేరుగా ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరతాను" అనుకుంటారు. కుదరదు. దానికి బీఎస్సీ నర్సింగ్ గానీ, పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ (డిప్లొమా నర్సులు తర్వాత చేసే రెండేళ్ల డిగ్రీ) గానీ పూర్తయి ఉండాలి, నర్సుగా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఏడాది పని అనుభవం ఉండాలి. వేరే డిగ్రీ చదివినవాళ్లను తీసుకుని, కాలం తగ్గించి నర్సును చేసే కోర్సు ఇండియాలో లేదు. మీ డిగ్రీకి ఇక్కడ ఒక్క ఏడాది కూడా మినహాయింపు దొరకదు. ఇది చేదుగానే ఉంటుంది గానీ, మిగతా లెక్కంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఏ లెక్కన పోల్చాలి

కోర్సు ఎన్నాళ్లు, ఫీజు ఎంత అన్న రెండే చూసి నిర్ణయం తీసుకునేవాళ్లు ఎక్కువ. నా ఉద్దేశంలో ఆ రెండూ మొదటి ప్రశ్నలు కావు. నర్సుగా పనిచేయాలంటే ఏదో ఒక దేశపు కౌన్సిల్ దగ్గర, లేదా ఒక రాష్ట్ర బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. ఇంజనీరింగ్ డిగ్రీ పట్టుకుని ఏ దేశంలోనైనా ఇంటర్వ్యూకు వెళ్లొచ్చు. నర్సింగ్‌లో ఆ వీలు లేదు. కాబట్టి మీ మొదటి ప్రశ్న "వచ్చే పదేళ్లు నేను ఎక్కడ పనిచేస్తాను?" అయి ఉండాలి. దానికి జవాబు దొరికితే సగం దారులు వాటంతటవే తప్పుకుంటాయి.

రెండోది మీ ఇంటర్ గ్రూపు. డిగ్రీలో ఏం చదివారన్నదాని కన్నా ఇంటర్‌లో బైపీసీనా కాదా అన్నదే ఇక్కడ ముఖ్యం.

మూడోది వయసు. దారిలో చాలాచోట్ల 30, 35 దగ్గర గేట్లు ఉన్నాయి. నాలుగోది వీసా: చదువు అయ్యాక అక్కడ ఉండనిస్తారా, భర్తనో భార్యనో పిల్లల్నో వెంట తీసుకెళ్లనిస్తారా. ఐదోది డబ్బు. ఫీజుతో పాటు, జీతం మానేసి చదివే ఆ రెండు నాలుగేళ్లు ఇల్లు ఎవరు నడుపుతారన్నది కూడా అందులోకే వస్తుంది.

| దారి | కాలం | ముందు ఏం ఉండాలి | రిజిస్ట్రేషన్ ఎక్కడ | ప్రధానమైన చిక్కు |
|---|---|---|---|---|
| బీఎస్సీ నర్సింగ్, తెలంగాణ | 4 ఏళ్లు | ఇంటర్ బైపీసీ, 35 లోపు వయసు | ఇండియా | మళ్లీ మొదటి ఏడాది నుంచి |
| జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ), తెలంగాణ | 3 ఏళ్లు | ఇంటర్ ఏ గ్రూపైనా, 35 లోపు వయసు | ఇండియా | డిగ్రీ కాదు, డిప్లొమా |
| అమెరికా: అసోసియేట్ డిగ్రీ | సుమారు 2 ఏళ్లు | ముందస్తు సబ్జెక్టులు | అమెరికా | అక్కడే ఉంటున్నవాళ్లకే అనుకూలం |
| అమెరికా: యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ (త్వరగా ముగిసే నర్సింగ్ డిగ్రీ) | 12–18 నెలలు | ఏదైనా డిగ్రీ, ముందస్తు సబ్జెక్టులు | అమెరికా | ఫీజు, వీసా |
| అమెరికా: డైరెక్ట్ ఎంట్రీ మాస్టర్స్ | 15 నెలల నుంచి 3 ఏళ్లు | ఏదైనా డిగ్రీ, ముందస్తు సబ్జెక్టులు | అమెరికా | అన్నిటికన్నా ఎక్కువ ఫీజు |
| బ్రిటన్: ప్రీ-రిజిస్ట్రేషన్ ఎమ్మెస్సీ | 2 ఏళ్లు | డిగ్రీ, సేవా అనుభవం | బ్రిటన్ | కుటుంబాన్ని తీసుకెళ్లలేరు |
| ఆస్ట్రేలియా: గ్రాడ్యుయేట్ ఎంట్రీ మాస్టర్స్ | 2 ఏళ్లు | ఏదైనా డిగ్రీ, ఇంగ్లిష్ స్కోరు | ఆస్ట్రేలియా | 35 ఏళ్ల వీసా గేటు |
| జర్మనీ: ఆస్‌బిల్డుంగ్ (వృత్తి శిక్షణ) | 3 ఏళ్లు | ఇంటర్, జర్మన్ భాష బీ1 లేదా బీ2 స్థాయి | జర్మనీ | భాష |

ఇక్కడే చదివితే

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. తెలంగాణలో సీట్లు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ భర్తీ చేస్తుంది. కొన్నేళ్లుగా కన్వీనర్ కోటా సీట్లకు ఎప్‌సెట్ రాసి ఉండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి కనీసం 45 శాతం కావాలి. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు కొంత సడలింపు ఉంటుంది. ఇరవై ఏడేళ్లకు మళ్లీ ఇంటర్ జువాలజీ పుస్తకం తెరిచి ఎంట్రన్స్‌కు కూర్చోవడం తేలికేం కాదు. అయినా అది అందరూ భయపడేంత కష్టమూ కాదు, ముఖ్యంగా బీజెడ్‌సీ, మైక్రోబయాలజీ, బయోటెక్ చదివినవాళ్లకు.

ఇంటర్ ఎంపీసీ చేసి బీటెక్ చదివినవాళ్లకు బీఎస్సీ నర్సింగ్ తలుపు మూసి ఉన్నట్టే లెక్క. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలు ఓపెన్ స్కూల్ నుంచి సైన్స్ గ్రూపుతో పాసైనవాళ్లను కూడా అర్హులుగానే చూస్తాయి కాబట్టి, బయాలజీ అలా పూర్తి చేసే అవకాశం ఉంది. అయితే ఫీజు కట్టేముందు మీ సర్టిఫికెట్లు చెల్లుతాయని యూనివర్సిటీ నుంచే రాతపూర్వకంగా తెలుసుకోండి.

సీఈసీ, ఎంఈసీ, హెచ్ఈసీ వాళ్లకు జీఎన్ఎం ఉంది. మూడేళ్ల డిప్లొమా, ఏ గ్రూపైనా ఫర్వాలేదు, 40 శాతం మార్కులు చాలు. తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే డిగ్రీ చేతికొస్తుంది. మొత్తం ఐదేళ్లు అవుతుందని వెనక్కి తగ్గేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: మూడేళ్లు పూర్తయి రిజిస్ట్రేషన్ రాగానే జీతం మొదలవుతుంది. ఇంటి బాధ్యతలున్నవాళ్లకు అది చాలా తేడా.

ఊళ్లో మంచి కాలేజీకి గుర్తు బిల్డింగు కాదు, వెనకున్న ఆస్పత్రి. సోమాజిగూడలోని ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ, పంజాగుట్ట నిమ్స్ నర్సింగ్ కాలేజీ లాంటి చోట్ల సీటు దొరికితే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఉస్మానియా, గాంధీ వంటి వార్డుల్లో నేర్చుకున్న చేతికి, నలభై పడకల నర్సింగ్ హోమ్‌లో హాజరు వేయించుకుని వచ్చిన చేతికి తేడా మొదటి ఉద్యోగంలోనే బయటపడుతుంది. ప్రైవేటు కాలేజీ అయితే అడగాల్సిన మొదటి ప్రశ్న: "మీ స్టూడెంట్లు ఏ ఆస్పత్రిలో, ఏ వార్డుల్లో, వారానికి ఎన్ని రోజులు పోస్టింగ్ చేస్తారు?"

ఉద్యోగం మాటకొస్తే, హైదరాబాద్ ప్రైవేటు ఆస్పత్రుల్లో కొత్త స్టాఫ్ నర్సు జీతం చాలాచోట్ల పదిహేను నుంచి పాతిక వేల మధ్యే మొదలవుతోంది. సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లోనే, 50 పడకల లోపు ఆస్పత్రిలో కూడా నెలకు 20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. అది ఇప్పటికీ చాలావరకు కాగితం మీదే ఉంది. ఇంత బాధ్యత మోసే మనిషికి ఇంత తక్కువ ఇవ్వడం నాకు బాధగా ఉంటుంది, అయినా మీరు లెక్క వేసుకోవాల్సింది ఉన్న జీతాల మీదే.

ప్రభుత్వ ఉద్యోగం కథ వేరు. తెలంగాణలో మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు స్టాఫ్ నర్సు పోస్టులు భర్తీ చేస్తుంది; 2024 జనవరి చివర ఒకేసారి 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. జీఎన్ఎం, బీఎస్సీ ఇద్దరూ అర్హులే, 2024 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46 ఏళ్లు. ఎయిమ్స్ ఆస్పత్రుల కోసం జరిగే నార్‌సెట్‌లో మూల వేతనం 44,900 నుంచి మొదలవుతుంది గానీ, సాధారణ అభ్యర్థికి వయసు 30 దాటకూడదు. ఇరవై ఎనిమిదేళ్లకు బీఎస్సీలో చేరితే పాసయ్యేసరికి నార్‌సెట్ దాటిపోతుంది, రాష్ట్ర పోస్టు మాత్రం అందుబాటులోనే ఉంటుంది. ఈ ఒక్క లెక్క చాలామంది వేసుకోరు.

ఇక్కడ చదివినంత మాత్రాన విదేశం మూసుకుపోదు. అమెరికా రిజిస్ట్రేషన్‌కు రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్షకు హైదరాబాద్‌లోనే కేంద్రం ఉంది. ఇక్కడి బీఎస్సీ నర్సుకు బ్రిటన్, గల్ఫ్, జర్మనీ ఆస్పత్రులు తెలియనివి కావు.

అమెరికా: మీరు ఇప్పుడు ఎక్కడ ఉన్నారన్నదాన్ని బట్టి

వేరే డిగ్రీ ఉన్నవాళ్లను నర్సులుగా మార్చే చదువు అమెరికాలో పాతుకుపోయింది. మూడు రకాలున్నాయి. కమ్యూనిటీ కాలేజీలో దాదాపు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఒకటి. డిగ్రీ ఉన్నవాళ్లకు ఏడాది, ఏడాదిన్నరలో ముగించే యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ రెండోది. డైరెక్ట్ ఎంట్రీ మాస్టర్స్ మూడోది. జాన్స్ హాప్కిన్స్‌లో, కొలంబియాలో ఉన్నవి ఈ తరహావే. కొలంబియా కోర్సు 15 నెలలు. యేల్‌లో ఉన్నది మూడేళ్లు: మొదట నర్సింగ్ పునాది వేసి, తర్వాత నర్స్ ప్రాక్టీషనర్ (జబ్బు నిర్ధారించి మందులు రాయగల నర్సు)గానో మిడ్‌వైఫ్‌గానో తయారుచేస్తారు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఈ మూడింటిలో ఏది చదివినా రాసేది ఒకే ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్, వచ్చేది ఒకే ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్స్. 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటల గడువు. మీ జవాబులను బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. మాస్టర్స్ చేసిన మనిషీ మొదటి రోజు వార్డులో బెడ్ దగ్గర నర్సుగానే మొదలుపెడతారు. మాస్టర్స్ అనగానే నర్స్ ప్రాక్టీషనర్ అయిపోతారనుకోకండి. స్పెషలైజేషన్ లేని డైరెక్ట్ ఎంట్రీ మాస్టర్స్ ఆ హోదా ఇవ్వదు. ముందు ముందు బోధన, డాక్టరేట్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు అది కలిసొస్తుంది. మిగతావాళ్లు అదే లైసెన్స్‌కు ఎక్కువ డబ్బు కట్టినట్టవుతుంది, ఎందుకంటే ప్రైవేటు యూనివర్సిటీల్లో ఈ కోర్సు మొత్తం ఖర్చు లక్ష డాలర్లు దాటే సందర్భాలు ఎక్కువ.

ముందస్తు సబ్జెక్టుల సంగతి ఇంకొకటి. ల్యాబ్‌తో సహా అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, మనిషి ఎదుగుదల మీద సైకాలజీ. ఒక్కో కాలేజీ జాబితా ఒక్కోలా ఉంటుంది గానీ చుట్టూ తిరిగి ఇవే. బీటెక్, బీకామ్ వాళ్లకు వీటిలో ఒకటో రెండో తప్ప ఉండవు. ఉన్నా ఐదేడేళ్ల కిందటివి చెల్లవనే కాలేజీలు బోలెడు. అంటే కోర్సు పదిహేను నెలలే అయినా ముందు ఏడాది అదనంగా లెక్కపెట్టుకోవాలి.

ఇక వీసా. హైదరాబాద్ నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లి ఈ కోర్సు చేద్దామనుకునేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. నర్సింగ్ అమెరికా ప్రభుత్వ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు, కాబట్టి చదువు తర్వాత పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలే. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు దొరికే అదనపు రెండేళ్లు దీనికి లేవు. మామూలు ఆర్ఎన్ ఉద్యోగానికి హెచ్-1బీ రావడం కష్టం. గ్రీన్ కార్డు విషయంలో నర్సులకు లేబర్ సర్టిఫికేషన్ అక్కర్లేదన్నది నిజమే, కానీ ఇండియాలో పుట్టినవాళ్లు ఈబీ-3 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డుల్లో మూడో వర్గం) క్యూలోనే నిలబడాలి. 2025 వీసా బులెటిన్లలో ఆ క్యూ 2012–2013లో దరఖాస్తు చేసినవాళ్ల దగ్గరే కదిలింది. అప్పు తీర్చే జీతం అమెరికాలో ఉండి, మిమ్మల్ని ఉండనిచ్చే కాలం ఏడాదే అయితే ఆ లెక్క కుదరదు. ఇల్లు తాకట్టు పెట్టి ఈ దారిలో వెళ్లమని నేను ఎవరికీ చెప్పలేను.

అదే మీరు ఇప్పటికే గ్రీన్ కార్డుతోనో, పౌరసత్వంతోనో ఉన్నవాళ్ల కుటుంబంలోకి వెళ్తుంటే, లేదా హెచ్-4 (హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా) మీద అక్కడే ఉంటే మాట పూర్తిగా మారుతుంది. హెచ్-4 మీద చదువుకోవచ్చు. పనికి మాత్రం ఈఏడీ (పని అనుమతి పత్రం) కావాలి, అది జీవిత భాగస్వామి ఐ-140 (యజమాని పెట్టే గ్రీన్ కార్డు పిటిషన్) ఆమోదం లాంటి షరతుల మీద వస్తుంది. ఈఏడీ చేతిలో ఉండి, చిన్నపిల్లలతో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగమ్మాయిలకు నేను మొదట చెప్పేది కమ్యూనిటీ కాలేజీ. ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ, ముందస్తు సబ్జెక్టులు సాయంత్రం క్లాసుల్లో ఒక్కొక్కటిగా చేసుకోవచ్చు, చివర వచ్చేది అదే ఆర్ఎన్ లైసెన్స్. తర్వాత ఉద్యోగం చేస్తూ బీఎస్ఎన్ పూర్తి చేయొచ్చు. 2024 మే నాటి అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ వార్షిక జీతం 93,600 డాలర్లు. స్థిరంగా ఉండగలిగేవాళ్లకు అంతకన్నా మంచి మలుపు అరుదు.

బ్రిటన్

బ్రిటన్‌లో వేరే డిగ్రీ ఉన్నవాళ్ల కోసం రెండేళ్ల ప్రీ-రిజిస్ట్రేషన్ ఎమ్మెస్సీ, పీజీ డిప్లొమాలు ఉన్నాయి. అక్కడి నర్సు చదువు మొత్తం 4,600 గంటలు. సగం క్లాసు, సగం ఆస్పత్రి. మీ పాత డిగ్రీని, సేవా అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని మూడేళ్లను రెండేళ్లకు కుదిస్తారు. అందుకే చాలా యూనివర్సిటీలు ముందే కొన్ని వందల గంటలు రోగుల దగ్గరో, వృద్ధాశ్రమంలోనో పనిచేసిన రుజువు అడుగుతాయి.

ఇంకో ముఖ్యమైన తేడా: దరఖాస్తులోనే పెద్దలు, పిల్లలు, మానసిక ఆరోగ్యం, లెర్నింగ్ డిజెబిలిటీ అన్న నాలుగు విభాగాల్లో ఒకటి ఎంచుకోవాలి. సైకాలజీ, సోషల్ వర్క్ చదివినవాళ్లకు మానసిక ఆరోగ్య నర్సింగ్ నిజంగా నప్పుతుంది. మన దగ్గర అలా మొదటి రోజు నుంచే ఆ ఒక్క విభాగంలో తయారుచేసే చదువు లేదు. అక్కడ చదివితే, బయటి దేశాల నర్సులు రాయాల్సిన సీబీటీ, ఓస్కీ పరీక్షలు లేకుండానే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ (ఎన్ఎంసీ) రిజిస్ట్రేషన్ వస్తుంది.

చిక్కులూ ఉన్నాయి. 2024 జనవరి నుంచి ఇలాంటి మాస్టర్స్ విద్యార్థులు భార్యాభర్తల్ని, పిల్లల్ని వెంట తీసుకెళ్లలేరు. చదువు తర్వాత అక్కడ ఉండి పనిచేసుకునే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు ఇస్తున్నారు, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు అది 18 నెలలు అవుతుంది. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్‌లో మొదటి మెట్టు బ్యాండ్ 5 జీతం ఇంగ్లండ్‌లో 2025–26కి 31,049 పౌండ్లు. నర్సుల కొరత అని మనం ఏళ్లుగా వింటున్నా, 2025లో కొత్తగా పాసైనవాళ్లకే పోస్టులు చాలక అక్కడి ప్రభుత్వం ఆగస్టులో గ్రాడ్యుయేట్ గ్యారంటీ పేరుతో హామీ ప్రకటించాల్సి వచ్చింది. ఆ క్యూలో మీరూ ఉంటారు.

ఒక హెచ్చరిక. "ఎమ్మెస్సీ అడ్వాన్స్‌డ్ నర్సింగ్", "ఇంటర్నేషనల్ నర్సింగ్" లాంటి పేర్లతో ఉన్న కోర్సులు ఇప్పటికే నర్సులైనవాళ్ల కోసం. అవి చదివితే రిజిస్ట్రేషన్ రాదు. కన్సల్టెన్సీవాళ్లు సీటు సులువుగా వస్తుందని వీటిలో చేర్పించే ప్రమాదం ఉంది. కోర్సు పేజీలో "ప్రీ-రిజిస్ట్రేషన్" అన్న మాట కనబడాల్సిందే.

ఆస్ట్రేలియా

విదేశంలో గ్రాడ్యుయేట్ ఎంట్రీ (వేరే డిగ్రీ ఉన్నవాళ్లు చేరే నర్సింగ్ కోర్సు) చదవాలని గట్టిగా అనుకుని, పెళ్లయి, ముప్పై రెండు దాటనివాళ్లకు నేను ముందు చూడమనేది ఆస్ట్రేలియానే. సిడ్నీ యూనివర్సిటీలో ఉన్నటువంటి గ్రాడ్యుయేట్ ఎంట్రీ మాస్టర్ ఆఫ్ నర్సింగ్ రెండేళ్లు. కోర్సులో కనీసం 800 గంటలు ప్లేస్‌మెంట్, అంటే ఆస్పత్రిలో శిక్షణ. పూర్తయ్యాక అక్కడి బోర్డులో నేరుగా రిజిస్టర్ కావొచ్చు. జీవిత భాగస్వామి వెంట రావొచ్చు, మాస్టర్స్ విద్యార్థుల భాగస్వామికి పని గంటల మీద పరిమితి లేదు. చదువు తర్వాత 485 వీసా మీద సాధారణంగా రెండేళ్లు ఉండొచ్చు.

కానీ 2024 జులై నుంచి ఆ వీసాకు దరఖాస్తు చేసేనాటికి వయసు 35 దాటకూడదు. ముప్పై నాలుగేళ్లకు కోర్సులో చేరితే ముప్పై ఆరుకు పాసవుతారు, గేటు అప్పటికే మూసుకుంటుంది. విద్యార్థి వీసా మీద పక్షానికి 48 గంటలే పని, ప్లేస్‌మెంట్‌కు జీతం ఉండదు, ప్లేస్‌మెంట్ వారాల్లో పార్ట్‌టైమ్ చేయడం దాదాపు అసాధ్యం. ఆ నెలల ఖర్చు చేతిలో పెట్టుకునే వెళ్లాలి. ఇక్కడా నర్సులైనవాళ్ల కోసం ఉన్న "మాస్టర్ ఆఫ్ నర్సింగ్" వేరే ఉంటుంది. బ్రిటన్ విషయంలో చెప్పిన జాగ్రత్తే.

జర్మనీ: డిగ్రీకి విలువ లేదు, డబ్బుకు భారం లేదు

ఆస్‌బిల్డుంగ్ మాస్టర్స్ కాదు, అసలు డిగ్రీయే కాదు. మూడేళ్ల వృత్తి శిక్షణ. ఫీజు లేదు, పైగా నెలకు వెయ్యి యూరోలకు మించి శిక్షణ భత్యం ఇస్తారు. అప్పు చేసే స్తోమత లేని ఇంట్లో పుట్టి, డిగ్రీ చేసి, బతుకు మార్చుకోవాలనుకునేవాళ్లకు ఈ జాబితాలో ఇంతకన్నా నిజాయితీ గల దారి లేదని నా అభిప్రాయం. శిక్షణ పూర్తిచేసి అక్కడే రెండేళ్లు ఉద్యోగం చేస్తే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసే వీలు కూడా ఉంది.

భాష మాత్రం పెద్ద కొండ. బీ1 కనీసం, చాలామంది యజమానులు బీ2 అడుగుతారు. అరవై దాటిన రోగి తన యాసలో నొప్పి ఎక్కడుందో చెబితే అర్థం కావాలి. సర్టిఫికెట్ కోసం బట్టీ పట్టిన జర్మన్ అక్కడ పనిచేయదు. బంజారాహిల్స్‌లోని గోథె జెంట్రమ్‌లో మొదలుపెట్టి, ఒక స్థాయి పూర్తయ్యాక మీకు ఆ భాష పడుతోందో లేదో చూసుకోండి. ఏజెంట్లకు డబ్బు కట్టేముందు మల్లేపల్లి ఐటీఐ ప్రాంగణంలో ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌కు ఒకసారి వెళ్లి రండి. జర్మనీకి నర్సులను పంపే కార్యక్రమాలు వాళ్లు నడుపుతున్నారు.

మీది ఏ పరిస్థితి?

ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసు, ఇంటర్ బైపీసీ, ఇంట్లో వాళ్లను వదిలి వెళ్లే ఉద్దేశం లేదు: బీఎస్సీ నర్సింగ్. రెండో ఆలోచన వద్దు. నాలుగేళ్లు పోయాయనిపిస్తుంది గానీ, నార్‌సెట్, రాష్ట్ర పోస్టులు, ఎన్‌క్లెక్స్, ఆపైన ఎమ్మెస్సీ, అన్నీ దానివెంటే వస్తాయి.

ముప్పై దాటి, పిల్లలుండి, హైదరాబాద్‌లోనే ఉండాలి: జీఎన్ఎం, అదీ హాస్టల్ తప్పనిసరి కాని కాలేజీ దొరికితేనే. చాలా కాలేజీలు హాస్టల్ తప్పనిసరి అంటాయి, ముందే అడగండి. పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చోవడానికి మొదటి నెల ఇబ్బందిగా ఉండొచ్చు. మనుషులతో మాట్లాడటం తెలిసిన మీ వయసు వార్డులో బలమవుతుంది.

మగవాళ్లు ఏ కాలేజీకి దరఖాస్తు చేసేముందైనా సీట్ల నిబంధన చూసుకోవాలి. కొన్ని కాలేజీలు అమ్మాయిలకే. నార్‌సెట్‌లో పోస్టులు మహిళలకు 80, పురుషులకు 20 శాతం చొప్పున కేటాయిస్తున్నారు.

విదేశంలో చదివి ఇక్కడికే తిరిగి వచ్చి పనిచేద్దామనుకునేవాళ్లకు గ్రాడ్యుయేట్ ఎంట్రీ నేను చెప్పను. రెండేళ్లలో ముగిసే అలాంటి కోర్సు మన పద్ధతిలో లేదు. ఇక్కడ రిజిస్ట్రేషన్ కోసం మళ్లీ కౌన్సిల్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఆస్పత్రి వాతావరణం ఇష్టమే గానీ రోగిని తాకే పని వద్దనుకుంటే అది తప్పేం కాదు, మీ చూపు వేరే వైపు ఉండాలంతే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్)లోనూ పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ ఉంది. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ పీజీలు ఊళ్లోనే ఉన్నాయి. వాటికి మీ డిగ్రీ నేరుగా పనికొస్తుంది.

ఫీజు కట్టేముందు వార్డు చూడండి

ఉదయం డ్యూటీ సిస్టర్ ఎనిమిదికి ముందే వచ్చి నైట్ సిస్టర్ దగ్గర హ్యాండోవర్ తీసుకుంటుంది. ఏ బెడ్‌కు రాత్రి జ్వరం వచ్చింది, ఎవరికి యూరిన్ ఎంత వచ్చింది, ఎవరి చేతికి కాన్యులా దగ్గర వాచింది, ఆపరేషన్ కోసం ఎవరు ఏమీ తినకుండా ఉండాలి. తర్వాత బీపీ, పల్స్, షుగర్, మందులు, డ్రెస్సింగులు. మంచం దిగలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుం దగ్గర పుండ్లు పడతాయి. బెడ్‌పాన్ పెట్టాలి, తుడవాలి. మధ్యలో బంధువుల ప్రశ్నలు, డాక్టర్ రౌండ్లు. అన్నీ కేస్ షీట్‌లో రాయాలి. రాయనిది చేయనట్టే లెక్క. నెలలో కొన్ని రాత్రులు ఇదంతా నిద్ర లేకుండా.

ఇది చూసి కూడా "నాకు ఇదే కావాలి" అనిపిస్తే మీరు సరైన చోటికే వస్తున్నారు. ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్ లాంటి చోట వలంటీర్‌గా కొన్ని వారాంతాలు గడపండి. అక్కడ చివరి దశలో ఉన్న రోగుల పక్కన కూర్చుంటే ఈ వృత్తిలో చదువు ఎంత, ఓపిక ఎంత అన్నది ఏ కౌన్సెలర్ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. బ్రిటన్ దరఖాస్తులో సేవా అనుభవం గురించి రాయడానికీ అది పనికొస్తుంది.

చివరగా, ఏ కాలేజీకైనా, ఏ దేశానికైనా ఈ నాలుగు ప్రశ్నలు ఈమెయిల్‌లో పంపండి. ఈ కోర్సు పూర్తిచేస్తే ఏ కౌన్సిల్‌లో, ఏ పేరుతో రిజిస్టర్ అవుతాను? నా డిగ్రీ సబ్జెక్టుల్లో ఏవి చెల్లుతాయి, ఏవి మళ్లీ చేయాలి? క్లినికల్ గంటలు ఏ ఆస్పత్రిలో, ఎవరు ఏర్పాటు చేస్తారు? కోర్సు మధ్యలో మానేస్తే ఎంత ఫీజు తిరిగి ఇస్తారు? కాలేజీ నుంచి రాతలో జవాబు వచ్చేదాకా అడ్వాన్స్ కట్టకండి, ఫోన్‌లో ఎంత తియ్యగా చెప్పినా సరే. ఇండియా కాలేజీ అయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఈ ఏడాది గుర్తింపు జాబితా తెరిచి, కాలేజీ పేరుతో పాటు సీట్ల సంఖ్య కూడా సరిచూసుకోండి.